బతుకమ్మ నాటికి మొదలై సంక్రాంతి దాకా తుమ్ములు: నిజంగా పనిచేసే మందు ఏది?

ప్రశ్న (దేవరకొండ నుంచి, టీచర్)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఏటా వానలు తగ్గుముఖం పట్టగానే, బతుకమ్మకు కాస్త ముందు, నాకు తుమ్ములు మొదలవుతాయి. పొద్దున లేవగానే ఆగకుండా తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లలా కారడం, కండ్లు, అంగిలి, చెవుల లోపల దురద. జ్వరం ఉండదు, ఒళ్లు నొప్పులు ఉండవు. రాత్రికి ముక్కు రెండు వైపులా మూసుకుపోతుంది, నోటితో ఊపిరి తీసుకుంటూ పడుకుంటాను. వరి కోతలప్పుడు ఇంకా ఎక్కువ. సంక్రాంతి నాటికి దానంతట అదే పోతుంది.

ఇప్పటిదాకా వాడినవి చెప్తాను. లెవోసెట్రిజిన్ గోలీ వేసుకుంటే తుమ్ములు తగ్గుతాయి కానీ దిబ్బడ తగ్గదు, పైగా క్లాసులో నిద్ర ముంచుకొస్తుంది. షాపులో ముక్కు చుక్కలు ఇచ్చారు. వేసిన కొద్ది నిమిషాల్లోనే ముక్కు తెరుచుకుంటుంది. కానీ నెల దాటింది, ఇప్పుడవి లేకుండా రాత్రి గడవట్లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తే కొన్ని వారాలు చాలా హాయిగా ఉంది. సీజన్‌కు ఒకటి వేయించుకుంటే చాలు అంటున్నారు. అత్తమ్మకు కూడా ఇదే బాధ, ఆమెకు షుగర్, బీపీ ఉన్నాయి. మా బాబు కండ్లు ఎర్రబడేదాకా నలుపుకుంటాడు.

ఆ సూది మంచిదేనా? దీనికి శాశ్వతమైన మందు ఉందా? పండుగ దగ్గరకొస్తుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

అక్కా, నేను రైస్ మిల్లులో పని చేస్తాను. మాకు సీజన్ అంటూ లేదు, ఊక దుమ్ము ఏడాదంతా ఉంటుంది. నాకు పనికొచ్చింది మంచి మాస్కు. రుమాలు కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు అయితే ఆగుతుంది. మందుల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

జవాబు (నల్గొండ నుంచి, ఫార్మసిస్టు)

చెల్లెమ్మా, మీరు లక్షణాలు బాగా వివరంగా రాశారు, అందుకే చెప్పడం తేలికైంది. జ్వరం లేకుండా దురద, నీళ్లలా కారడం, ఏటా అదే కాలంలో రావడం, వారాల తరబడి ఉండడం, ఇవన్నీ అలర్జీ లక్షణాలు. మామూలు పడిశం వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, దానికి ఇంత దురద ఉండదు. ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి ఖాయం చేసుకోండి. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానలు ఉన్నాయి, దీనికోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

అసలు విషయం ఏమిటంటే, మీకు తుమ్ములు ఒక సమస్య, దిబ్బడ ఇంకో సమస్య. పడని పుప్పొడి ముక్కుకు తగలగానే ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. తుమ్ములు, దురద, కారడం దాని వల్లే. సెట్రిజిన్ లాంటి గోలీలు హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి కాబట్టి అవి తగ్గుతాయి. దిబ్బడ మాత్రం ముక్కు లోపలి పొర వాచడం వల్ల వస్తుంది. ఆ వాపు మీద గోలీ ప్రభావం తక్కువ. దానికి కావాల్సింది స్టెరాయిడ్ ముక్కు స్ప్రే, అంటే ఫ్లూటికాసోన్ గానీ మోమెటాసోన్ గానీ. దిబ్బడతో నిద్ర చెడేంత అలర్జీ ఉన్నవాళ్లకు ముందుగా ఇవ్వాల్సిన మందు ఇదే. ఇన్నేళ్లు షాపులో కూర్చుని చూస్తున్నాను, మన దగ్గర అందరూ చివర్లో వాడేది కూడా ఇదే. ఆ లోపు గోలీలు, చుక్కలు, సూదులు అన్నీ అయిపోతాయి. అది చూస్తుంటే బాధగా ఉంటుంది.

స్టెరాయిడ్ అనగానే భయపడకండి. స్ప్రేలో ఉండే మోతాదు మైక్రోగ్రాముల్లో, అది పనిచేసేది ముక్కు లోపలే, రక్తంలోకి చేరేది చాలా కొద్ది. అలవాటు పడిపోయే మందు కాదు. కొందరికి ముక్కు ఎండిపోవడం, కాస్త నెత్తురు చార రావడం ఉంటుంది, అంతే. కానీ కొట్టగానే ముక్కు తెరుచుకోదు. కొన్ని రోజులకు తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి వారం రెండు వారాలు పట్టవచ్చు. తుమ్ములు వచ్చినా రాకపోయినా రోజూ వాడాలి. వచ్చే ఏడాది మాత్రం వినాయక చవితి దాటగానే, లక్షణాలు రాకముందే మొదలుపెట్టండి. సీజన్ మొదలవడానికి ఒకటి రెండు వారాల ముందు మొదలుపెట్టినవాళ్లకు సీజన్ చాలా తేలికగా గడుస్తుంది.

ఇక ఆ చుక్కలు. జైలోమెటాజోలిన్ లేదా ఆక్సీమెటాజోలిన్ అయి ఉంటాయి, సీసా మీద చూడండి. అవి ముక్కులోని రక్తనాళాలను బిగించి దారి తెరుస్తాయి. మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం దిగగానే ముక్కు మునుపటికంటే ఎక్కువ వాస్తుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ వాపు. మీ రాత్రి దిబ్బడలో సగం పైగా ఇప్పుడు ఆ చుక్కల వల్లే వస్తున్నదని నా అనుమానం. డాక్టర్‌కు ఈ మాట తప్పకుండా చెప్పండి. మామూలుగా చేసేదేమిటంటే, స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు ముందు ఒక ముక్కు రంధ్రంలో ఆపేస్తారు. అది తేరుకున్నాక రెండో దాంట్లో ఆపేస్తారు. మొదటి వారం కష్టంగా ఉంటుంది, తలకింద ఎత్తు పెట్టుకుని పడుకోండి. తర్వాత తేలికవుతుంది.

సూది సంగతి గట్టిగా చెప్తాను, వేయించుకోవద్దు. వారాల తరబడి హాయిగా ఉంచే సూది అంటే ఎక్కువ కాలం ఒంట్లో నిలిచే స్టెరాయిడ్ అయి ఉంటుంది. స్ప్రేలా కాదు, అది ఒళ్లంతా తిరుగుతుంది. షుగర్, బీపీ పెంచుతుంది, మళ్లీ మళ్లీ వేస్తే ఎముకలు బలహీనపడతాయి, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. సూది వేసిన చోట కండ కరిగి గుంట పడవచ్చు. అలర్జీ తుమ్ముల కోసం ఇంత ప్రమాదం అక్కర్లేదు. మీ అత్తమ్మకు షుగర్ ఉంది కాబట్టి ఆమెకు అసలే వద్దు. బెట్నెసాల్ లాంటి చిన్న తెల్ల గోలీలు పొట్లంలో కట్టి ఇస్తారు, అవీ స్టెరాయిడ్లే. పేరు చెప్పకుండా ఇచ్చే గోలీ ఏదీ తీసుకోకండి.

అత్తమ్మ విషయంలో ఇంకొకటి. జలుబు గోలీలని అమ్మేవాటిలో చాలావరకు ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ కలిసి ఉంటాయి. మొదటిది బీపీ పెంచవచ్చు. రెండోది మత్తు తెస్తుంది, పెద్దవాళ్లు తూలి పడతారు, మూత్రం ఆగిపోవచ్చు. ఆమెకు స్ప్రే వాడొచ్చు, కానీ కంట్లో నీటికాసులు ఉంటే, శుక్లం ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మీకు నిద్ర సమస్య అన్నారు కదా. లెవోసెట్రిజిన్ రాత్రిపూట వేసుకుని చూడండి. అప్పటికీ మత్తుగా ఉంటే ఫెక్సోఫెనడిన్ గానీ బిలాస్టిన్ గానీ అడగండి, వీటికి మత్తు బాగా తక్కువ. ఫెక్సోఫెనడిన్‌ను పండ్ల రసంతో వేసుకోవద్దు, నీళ్లతోనే. బిలాస్టిన్ తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. మాంటెలుకాస్ట్ అనే ఇంకో రకం అలర్జీ మందు కలిపిన గోలీలు మన దగ్గర విపరీతంగా రాస్తున్నారు. కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, చనిపోవాలన్న ఆలోచనలు కూడా వస్తున్నాయని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ తన అత్యంత గట్టి హెచ్చరికను దాని మీద వేయించింది. ఆస్తమా కూడా ఉంటే అది వేరే సంగతి. ఒట్టి తుమ్ములకైతే దాని అవసరం ఉందా అని డాక్టర్‌ను అడగండి.

ఖర్చు గురించి అడగలేదు గానీ చెప్తాను. ఈ మందుల్లో చాలావరకు జనరిక్‌లో ఉన్నాయి. జన ఔషధి షాపులో మందు పేరుతో అడగండి, కంపెనీ పేరుతో కాదు.

జవాబు (జడ్చర్ల నుంచి, రైతు)

ఫార్మసిస్టు అన్న మందు చెప్పారు, నేను పొలం సంగతి చెప్తాను. వానలు తగ్గాక మన బీళ్లలో, రోడ్ల పక్కన తెల్ల పూలతో నిండేది వయ్యారిభామ. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950లలో పుణె దగ్గర కనిపించిన కలుపు, ఇప్పుడు దేశమంతా ఉంది. పుప్పొడి ముక్కుకు, ఆకు చర్మానికి, రెండిటికీ పడదు. ఒక్కో మొక్క వేల గింజలు వేస్తుంది. దాన్ని తినే మెక్సికో పెంకు పురుగును 1984లో మన దేశానికి తెచ్చారు. వానల్లో ఆ పురుగు బాగానే తింటుంది, కానీ దాన్ని నమ్ముకుని ఊరుకుంటే కుదరదు. పూత రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకి పూడ్చాలి. చేతికి గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. దాని దురద ఉన్నవాళ్లు ఆ పనికి దిగొద్దు. పూత మీద ఉన్న మొక్కలను ఎండబెట్టి తగలబెట్టొద్దు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ఆముదం. మన పాలమూరు, నల్గొండ జిల్లాలు ఆముదానికి పేరున్నవి, ఇప్పుడు పత్తి వచ్చి తగ్గింది గానీ చేను గట్ల మీద, పెంటకుప్పల కాడ మొక్కలు ఉన్నాయి. దాని పుప్పొడి గాలికి కొట్టుకొస్తుంది. మీ ఇంటి చుట్టూ చూసుకోండి. జొన్న, మొక్కజొన్న, గరిక, అన్నీ గడ్డి జాతే. పువ్వుకు రంగు, వాసన లేనివే గాలి మీద ఆధారపడతాయి. గులాబీ, మల్లెలను అనుమానించి లాభం లేదు.

కోతలప్పుడు హార్వెస్టర్ దుమ్ము, కొనుగోలు కేంద్రంలో వడ్లు తూర్పార పట్టే దుమ్ము, తర్వాత కొయ్యకాలు తగలబెట్టిన పొగ. అది అలర్జీ కాకున్నా వాచిన ముక్కును ఇంకా రేపుతుంది. పొలం నుంచి ఇంటికి రాగానే తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటే రాత్రి తేడా తెలుస్తుంది. జుట్టులో పుప్పొడి దిండు మీదికి వస్తుంది.

ప్రశ్న (దేవరకొండ నుంచి, టీచర్)

అందరికీ ధన్యవాదాలు. నిన్న నల్గొండ వెళ్లి చూపించుకున్నాను. డాక్టర్ కూడా స్ప్రే రాశారు, చుక్కలు ఒక్కో వైపు ఆపమన్నారు. కానీ స్ప్రే కొడితే గొంతులోకి చేదుగా దిగిపోతోంది, ముక్కు మండుతోంది. ఇలాగే ఉంటుందా? ఇంకోటి, బతుకమ్మకు గునుగు, తంగేడు తేవడానికి బీళ్లలోకి పోవాలి. ఈ ఏడు మానేయాలా?

జవాబు (నల్గొండ నుంచి, ఫార్మసిస్టు)

గొంతులోకి దిగుతోందంటే తల వెనక్కి వంచుతున్నారు, లేదా గట్టిగా పీలుస్తున్నారు. ముందు ముక్కు మెల్లగా చీదండి. సీసా ఊపండి. కొత్త సీసా అయితే సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లో కొట్టండి. తల కొంచెం కిందికి, కాలి వేళ్లు చూస్తున్నట్టు వంచండి. ఎడమ ముక్కులో కుడి చేత్తో, కుడి ముక్కులో ఎడమ చేత్తో కొట్టండి. అప్పుడు మొన తనంతట తానే బయటి వైపు, అదే వైపు చెవి దిక్కుకు తిరుగుతుంది. మధ్య గోడ మీద పడితేనే మంట, నెత్తురు వస్తాయి. కొడుతూ పూల వాసన చూసినంత మెల్లగా పీల్చండి, గట్టిగా ఎగపీల్చొద్దు. దాదాపు సగం మందికి ఈ మందు పనిచేయలేదు అనిపించేది ఈ పద్ధతి ఎవరూ చూపించకపోవడం వల్లే అనుకుంటాను. షాపులో నేను ఖాళీ సీసాతో చేసి చూపిస్తాను, మీ షాపులో కూడా అడగండి, మొహమాటపడొద్దు.

స్ప్రేకి కాసేపు ముందు ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కుంటే ఇంకా మంచిది. పావు లీటరు నీళ్లకు అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్లు మరిగించి చల్లార్చినవే అయి ఉండాలి. ఇక్కడ రాజీ పడొద్దు. కేరళలో మెదడుకు చేరే అమీబా గురించి వార్తల్లో చూసే ఉంటారు, అది ముక్కు దారినే లోపలికి పోతుంది. మనం తాగే ప్లాంట్ క్యాన్ నీళ్లు తాగడానికి సరే గానీ, ముక్కు కడగడానికి మరిగించాల్సిందే.

ఆవిరి పట్టుకుంటే కాసేపు హాయి, తప్పు లేదు. పిల్లలకు మాత్రం మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టొద్దు, కాలిన కేసులు చాలా ఉంటాయి. పసుపు పాలు తాగండి, నష్టం లేదు, కానీ స్ప్రే మానేసి కాదు. పెరుగు, అరటిపండు మానడం వల్ల పుప్పొడి అలర్జీ తగ్గదు.

జవాబు (నాగర్‌కర్నూల్ నుంచి)

వదినా, బతుకమ్మ ఎందుకు మానాలి! నాకూ ఇదే బాధ. నేను బీట్లోకి పోవడం మానేశాను, పూలు తెచ్చే పని పిల్లలకు, మా ఆయనకు అప్పజెప్పాను. గునుగు తోటకూర జాతిది, ఆ జాతి పుప్పొడి పడనివాళ్లు చాలామంది ఉన్నారు. చామంతి, వయ్యారిభామ ఒకే కుటుంబం మొక్కలు, ఒకటి పడనివాళ్లకు రెండోది కూడా పడకపోవచ్చు. బంతి కూడా ఆ కుటుంబమే. అందుకని నేను తంగేడు, గుమ్మడి పూలు ఎక్కువ పెట్టుకుని, గునుగు వరుసలు మా తోడికోడలుతో పేర్పిస్తాను. పేర్చేటప్పుడు ఇంట్లో కాకుండా వాకిట్లో కూర్చుని మాస్కు పెట్టుకుంటాను. సాయంత్రం ఆడి వచ్చి స్నానం చేసి ముక్కు కడుక్కుంటే రాత్రి నిద్ర పడుతుంది. మిగిలిన పూలు పడుకునే గదిలో ఉంచొద్దు.

బాబు కండ్ల గురించి మాత్రం ఆలస్యం చేయకండి. మా అక్క కొడుకు అలాగే నలుపుకునేవాడు. కండ్ల అలర్జీ పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఏళ్ల తరబడి ఉంటుందట. ఎడతెగకుండా నలిపితే నల్లగుడ్డు ముందున్న పారదర్శక పొర పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది, దాన్ని కెరటోకోనస్ అంటారని కంటి డాక్టర్ చెప్పారు. చల్లటి గుడ్డ కంటి మీద వేయాలి, నలపనివ్వొద్దు. ఓలోపటడిన్ చుక్కలు రాశారు వాడికి, దురద బాగా తగ్గింది. షాపులో కంటి చుక్కలు ఏవి పడితే అవి కొనొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పారు. స్టెరాయిడ్ ఉన్నవి డాక్టర్ కనిపెట్టి చూడకుండా నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు, శుక్లం రావచ్చు.

ప్రశ్న (అచ్చంపేట నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నకు తుమ్ములతో పాటు రాత్రుళ్లు దగ్గు, పిల్లికూతలు. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప మందు వేయించాము, ఇన్‌హేలర్ ఇక అక్కర్లేదని పక్కన పెట్టేశారు. సరేనా?

జవాబు (నల్గొండ నుంచి, ఫార్మసిస్టు)

తమ్ముడూ, ఇన్‌హేలర్ ఈరోజే మళ్లీ మొదలుపెట్టించి డాక్టర్‌కు చూపించండి. చేప మందు మీద నమ్మకం మీ ఇంటి విషయం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అది ఆస్తమాను తగ్గిస్తుందని నిరూపణ లేదు. ఇన్‌హేలర్ ఆపిన ఆస్తమా ప్రాణాల మీదికి తెస్తుంది, ఇది నిరూపణ ఉన్న సంగతి. ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో చాలామందికి ఆస్తమా కూడా ఉంటుంది. ముక్కును అదుపులో పెడితే ఛాతీ కూడా తేలికపడుతుంది. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, ఇన్‌హేలర్ కొట్టినా తగ్గకపోవడం చూస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

టీచరమ్మ శాశ్వత మందు ఉందా అని అడిగారు, దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు. దగ్గరగా వచ్చేది ఇమ్యునోథెరపీ. ఏది పడదో చర్మ పరీక్షలో తేల్చి, అదే పదార్థాన్ని అతి కొద్ది మోతాదులో మొదలుపెట్టి పెంచుతూ పోతారు. సూదులుగా గానీ నాలుక కింద చుక్కలుగా గానీ ఇస్తారు. మూడేళ్లకు తగ్గకుండా తీసుకోవాలి. మా చెల్లెలు తీసుకుంటోంది, రెండో ఏటి నుంచి తేడా బాగా తెలిసింది, గోలీలు చాలా తగ్గాయి. ఆ సూది వేశాక అరగంట ఆ దవాఖానలోనే కూర్చోవాలి. అరుదుగా ఒళ్లంతా రియాక్షన్ వచ్చి బీపీ పడిపోవచ్చు. అందుకే ఇంటి దగ్గర, ఊళ్లో వేయించుకోకూడదు. ఆస్తమా అదుపులో లేనివాళ్లకు ఇవ్వరు. అందరికీ అవసరం కూడా కాదు. స్ప్రేతో మీ సీజన్ గడిచిపోతే అదే చాలు.

రక్త పరీక్షల విషయంలో జాగ్రత్త. ఒకేసారి వందల పదార్థాలకు పరీక్ష చేసి, వంకాయ, గోధుమ, పాలు మానేయండి అని కాగితం ఇచ్చే చోట్లు ఉన్నాయి. పరీక్షలో వచ్చిందంటే ఆ పదార్థంతో మీకు లక్షణాలు వస్తున్నాయని అర్థం కాదు. చక్కగా తింటున్నవాటిని కాగితం చూసి మానేయొద్దు.

ప్రశ్న (దేవరకొండ నుంచి, టీచర్)

స్ప్రే ఇప్పుడు సరిగ్గా పడుతోంది, మంట లేదు. చర్మ పరీక్ష ఒకసారి చేయించుకోవాలని ఉంది. దానికి ముందు మందులన్నీ ఆపాలా? ఆపితే క్లాసు చెప్పలేను.

జవాబు (నల్గొండ నుంచి, ఫార్మసిస్టు)

అన్నీ ఆపనక్కర్లేదు. సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి అలర్జీ గోలీలు మాత్రం పరీక్షకు వారం ముందు ఆపాలి, లేకపోతే చర్మం మీద గడ్డ రాక పరీక్ష తప్పు చూపిస్తుంది. ఆ వారం జలుబు గోలీలు, దగ్గు సిరప్‌లు కూడా వద్దు, వాటిలో అదే రకం మందు ఉంటుంది. ముక్కు స్ప్రే, ఉప్పు నీళ్లు, ఆస్తమా ఇన్‌హేలర్ మామూలుగా కొనసాగించండి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కూడా పరీక్షకు అడ్డొస్తాయి, వాటిని సొంతంగా ఆపకండి, డాక్టర్‌కు చెప్పండి. పరీక్ష జరిగేది ముంజేతి మీద, చుక్కలు పెట్టి పైపైన సన్నగా గుచ్చుతారు, పావుగంట ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. సంక్రాంతి తర్వాత, మీ సీజన్ అయిపోయాక పెట్టుకోండి. అప్పుడు గోలీ ఆపినా మీ క్లాసుకు ఇబ్బంది ఉండదు.